తీసింది ఒక్క ప్యాకేజీ, పోయినవి నలభై ఆరు

సోమవారం పొద్దున పదిన్నరకి మామూలు రిలీజ్. కొత్త కోడ్ సర్వర్ మీదికి వెళ్ళింది, సర్వీసు రీస్టార్ట్ కొట్టాం, అది లేవలేదు. లాగ్‌లో చివరి లైను చూస్తే లిబ్‌పీక్యూ అనే షేర్డ్ లైబ్రరీ (పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్) ఫైలు తెరవడం కుదరలేదనీ, అలాంటి ఫైలే లేదనీ ఉంది. మా పైథాన్ అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడేది ఆ లైబ్రరీ ద్వారానే. కొత్త రిలీజ్‌లో డేటాబేస్ జోలికే పోలేదు. సరే అని పాత కోడ్‌కి వెనక్కి వెళ్ళాం. అదే ఎర్రర్. టెన్షన్ అప్పుడు మొదలైంది. ఆ పాత కోడ్ అయిదు నిమిషాల కిందటి దాకా ఇదే మెషీన్ మీద చక్కగా నడిచింది మరి.

మెషీన్ మీద ఉన్నది డెబియన్ 12 అనే లినక్స్. డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటుంది, దీని మీద అప్లికేషన్ ఒక్కటే. లైబ్రరీ ఉండాల్సిన ఫోల్డర్‌లోకి వెళ్ళి చూస్తే ఫైలు నిజంగానే లేదు. ప్యాకేజీ, అంటే ఆ ఫైలు వచ్చిన మూట, ఏమైందని డీపీకేజీ అనే పనిముట్టుని అడిగితే, లిబ్‌పీక్యూ5 అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినట్టే లేదంది. ఎవరు తీశారు? గ్రూప్‌లో అడిగాను. శుక్రవారం సాయంత్రం సెక్యూరిటీ ఆడిట్ లిస్టులో ఒక పని చేసిన కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, నేను తీసింది ఆర్‌పీసీబైండ్ ఒక్కటే అన్నా. డేటాబేస్ లైబ్రరీని ముట్టుకోలేదు."

ఆర్‌పీసీబైండ్ అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి నెట్‌వర్క్ సర్వీసులు ఏ పోర్ట్‌లో ఉన్నాయో చెప్పే చిన్న సర్వీసు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ముందు నేను నమ్మలేదు, ఆ మాట ఇక్కడ ఒప్పుకోవాలి.

లాగ్‌లో దొరికిన రెండు రోజులు

డెబియన్‌లో ప్యాకేజీలు తెప్పించడానికీ తీయడానికీ మామూలుగా వాడేది ఆప్ట్. అది చేసిన ప్రతి పనికీ ఒక హిస్టరీ లాగ్ ఉంటుంది. వార్ డైరెక్టరీలో లాగ్ ఫోల్డర్, అందులో ఆప్ట్ ఫోల్డర్, అందులో ఉంటుంది. ఏ కమాండ్ నడిచింది, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఏవి వచ్చాయి, ఏవి పోయాయి అన్నీ అందులో ఉంటాయి. చాలామంది దీన్ని తెరిచే చూడరు. ప్యాకేజీ ఏదైనా మాయమైతే ముందు చూడాల్సింది ఇదే.

శుక్రవారం సాయంత్రం ఎంట్రీలో మూడు ప్యాకేజీలు పోయినట్టుంది. ఆర్‌పీసీబైండ్, ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ (వేరే మెషీన్‌లోని ఫైళ్ళని నెట్‌వర్క్ మీద వాడుకోవడానికి కావాల్సింది), మూడోది మా సొంత ప్యాకేజీ. ఈ మూడోదాని గురించి కాసేపట్లో చెబుతాను.

శనివారం పొద్దున ఆరు దాటాక మళ్ళీ ఎంట్రీలు. ఈసారి కమాండ్ లైన్ చోట అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్ అని ఉంది, అప్‌డేట్లని తనంతట తానే వేసే ప్రోగ్రామ్ అది. మనిషి ఎవరూ లేరు. డెబియన్‌లో ఆ పని రోజూ ఆరింటికి టైమర్ మీద మొదలవుతుంది, మెషీన్లన్నీ ఒకేసారి సర్వర్ల మీద పడకుండా ఒక గంట లోపు ఎప్పుడైనా నడిచేలా అటూ ఇటూ జరుపుతారు. ఆ పొద్దున అది 43 ప్యాకేజీలు తీసేసింది. ఒకే ఎంట్రీలో ఉంటే వెంటనే కళ్ళబడేది. ఈ ప్రోగ్రామ్ పనిని చిన్న చిన్న ముక్కలుగా చేయడం డిఫాల్ట్ కాబట్టి, లాగ్‌లో రెండు మూడు ప్యాకేజీల చొప్పున పేజీల కొద్దీ ఎంట్రీలు పడ్డాయి. లిబ్‌పీక్యూ5 వాటి మధ్యలో ఎక్కడో ఉంది.

మొత్తం 46. కుర్రాడు అడిగింది ఒకటి.

పైకి వెళ్ళే దారి, కిందికి వెళ్ళే దారి

ప్యాకేజీ తీయడం అనగానే రెండు వేర్వేరు ప్రశ్నలు వస్తాయి. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నా, ఆ రెండూ వేరని నాకు మనసుకి పట్టింది ఈ కేసులోనే.

మొదటి ప్రశ్న: దీన్ని తీస్తే దీని మీద ఆధారపడినవాళ్ళ సంగతేంటి? ఇది పైకి వెళ్ళే దారి. ఆర్‌పీసీబైండ్ మీద ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ ఆధారపడింది. ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ మీద మా సొంత ప్యాకేజీ ఆధారపడింది. కింద ఇటుక లాగితే పై రెండూ నిలబడవు.

ఇక్కడ డీపీకేజీ, ఆప్ట్ రెండూ ఒకేలా ప్రవర్తించవు. డీపీకేజీ కింది స్థాయి పనిముట్టు, ఒక ప్యాకేజీని డిస్క్ మీద పెట్టడం, తీయడం దాని పని. దాన్ని నేరుగా ఆర్‌పీసీబైండ్ తీయమంటే, ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్‌కి ఇది కావాలి, తీయను అని మొరాయిస్తుంది. బలవంతం చేసే ఆప్షన్ ఇస్తే తప్ప కదలదు. ఆప్ట్ ఆ పైస్థాయిలో ఆలోచిస్తుంది. నువ్వు ఆర్‌పీసీబైండ్ వద్దన్నావు, అంటే దాని మీద నిలబడ్డవి కూడా వద్దన్నట్టే అని అర్థం చేసుకుని, మూడింటి లిస్టు చూపించి, సరేనా అని అడుగుతుంది. తెలివైనది ఆప్టే. కానీ ఆ శుక్రవారం మమ్మల్ని కాపాడగలిగేది ఆ మొండి డీపీకేజీయే.

ఆప్ట్ అడిగిన ప్రశ్న మా కుర్రాడికి కనిపించలేదు కూడా. సర్వర్ల పనులు ఆటోమేటిగ్గా చేసే ఆన్సిబుల్ ద్వారా ప్యాకేజీ లేకుండా చేయి అని ఒక లైను రాశాడు. ఆన్సిబుల్ అన్ని ప్రశ్నలకీ యెస్ చెప్పేసి, చివర్లో మార్పు జరిగింది అని పసుపు రంగులో ఒక్క ముక్క చూపించింది. చెక్ మోడ్, డిఫ్ ఆప్షన్లు కలిపి ముందొకసారి నడిపి ఉంటే లిస్టు కనబడేది. నేనైనా నడిపేవాణ్ణి కాదు. ఒక్క ఆర్‌పీసీబైండ్ తీయడానికి ఎవరు నడుపుతారు?

రెండో ప్రశ్న కిందికి వెళ్తుంది: ఇది పోయాక, దీని కోసం మాత్రమే వచ్చినవి ఇంకా ఎందుకు? ఆటోరిమూవ్, అంటే అక్కర్లేని ప్యాకేజీలని ఏరి తీసే ఆప్ట్ పని, చూసేది దీన్నే. శనివారం పొద్దున జరిగింది కూడా ఇదే.

ఎవరు అడిగితే వచ్చింది?

ఆటోరిమూవ్ ఎలా నిర్ణయిస్తుందో చాలామంది తప్పుగా ఊహించుకుంటారు. ఈ ప్యాకేజీని ఎవరైనా వాడుతున్నారా అని అది చూడదు. చూడటం దానికి చేతకాదు కూడా. ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచిందో దానికి అనవసరం. అది చూసేది రెండే: ఈ ప్యాకేజీని మనిషి అడిగాడా, లేక ఇంకో ప్యాకేజీ లాక్కొచ్చిందా? లాక్కొచ్చిన ప్యాకేజీ ఇంకా ఉందా?

మొదటిదానికి జవాబు ఇన్‌స్టాల్ రోజే రాసిపెట్టేస్తారు. మీరు పేరు చెప్పి తెప్పించుకున్నది మాన్యువల్, దాని వెంట వచ్చినవన్నీ ఆటో. ఆప్ట్ ఈ గుర్తుల్ని ఎక్స్‌టెండెడ్ స్టేట్స్ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో దాచుకుంటుంది. హిస్టరీ లాగ్‌లో కూడా ఇన్‌స్టాల్ లైన్లలో వెర్షన్ పక్కన ఆటోమేటిక్ అనే మాట కనిపిస్తుంది. డీపీకేజీకి ఈ తేడా అసలు తెలియదు.

తర్వాత జరిగేది ప్రోగ్రామర్లకి బాగా పరిచయమైన పనే, మెమరీలో చెత్త ఏరే మార్క్ అండ్ స్వీప్. మాన్యువల్‌గా ఉన్నవీ, సిస్టమ్‌కి తప్పనిసరి అని ముద్ర పడ్డవీ, నడుస్తున్న కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లాంటి మినహాయింపులూ వేర్లు. ఆ వేర్ల నుంచి డిపెండెన్సీల, అంటే ఏది దేని మీద ఆధారపడిందనే సంబంధాల, వెంట నడుచుకుంటూ వెళ్ళి, చేరగలిగిన ప్రతిదానికీ గుర్తు పెడుతుంది. గుర్తు పడనివన్నీ చెత్త. ఆప్ట్ సోర్స్ కోడ్‌లో కూడా ఆ మాటే వాడారు, గార్బేజ్ అని. ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే రెండు ప్యాకేజీలు కూడా ఈ పద్ధతిలో దొరికిపోతాయి. నన్ను ఎవరైనా వాడుతున్నారా అని ఒక్కొక్కదాన్నే అడిగే పద్ధతిలో అయితే అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుని తప్పించుకుంటాయి.

ఆప్ట్ ఇందులో దూకుడుగా ఉండదు, ఆ మాట దానికి దక్కాలి. తప్పనిసరి డిపెండెన్సీలే కాదు, రికమెండ్స్, సజెస్ట్స్ అనే మెత్తని సంబంధాలున్నా డిఫాల్ట్‌గా ఆ ప్యాకేజీని ఉంచేస్తుంది. ఇది లేదా అది అనే డిపెండెన్సీకి రెండూ ఇన్‌స్టాల్ అయి ఉంటే రెండింటినీ వదిలేస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి నడిచిన మెషీన్‌లో ఎవరికీ పనికిరానివి బోలెడు పేరుకుపోతాయి. అంత మెతక లెక్కలో కూడా మా దగ్గర 43 ప్యాకేజీలకి ఒక్క ఆధారం మిగల్లేదు.

నేను కట్టిన ప్యాకేజీ

ఇక ఆ మూడో ప్యాకేజీ. తప్పు నాది.

కొన్నేళ్ళ కిందట కొత్త అప్లికేషన్ సర్వర్ పెట్టిన ప్రతిసారీ అవే ప్యాకేజీలు ఒక్కొక్కటిగా వేయలేక, ఒక మెటాప్యాకేజీ కట్టాను. లోపల ఫైళ్ళేమీ ఉండవు. పోస్ట్‌గ్రెస్ క్లయింట్, గోస్ట్‌స్క్రిప్ట్, ఫాంట్లు, పీడీఎఫ్ పనిముట్లు ఇలా మాకు కావాల్సిన వాటిని డిపెండెన్సీలుగా చెప్పే ఉత్త డొల్ల. ఈక్వివ్స్ అనే పనిముట్టుతో అయిదు నిమిషాల్లో తయారైపోతుంది. దాన్ని ఒక్కదాన్ని ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ వచ్చేస్తాయి. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

దాని అర్థం మాత్రం నేను ఆలోచించలేదు. మా సర్వర్‌లో మా పనికి సంబంధించి మాన్యువల్ గుర్తు ఉన్నది ఆ డొల్ల ఒక్కదానికే. మా అప్లికేషన్‌కి ప్రాణమైనవన్నీ ఆటో. పందిరి మొత్తం ఒక్క గుంజ మీద నిలబెట్టానన్నమాట.

అందులో ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ ఎందుకుందంటే, అప్పట్లో యూజర్లు అప్‌లోడ్ చేసే ఫైళ్ళు ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ మీద ఉండేవి. తర్వాత వాటిని వేరే చోటికి మార్చేశాం. డిపెండెన్సీ లిస్టులో ఆ లైను మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి ఆడిట్ వాళ్ళు ఆర్‌పీసీబైండ్ తీసేయమనడం సరైనదే, దాంతో ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ పోవడమూ సరైనదే. ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ పోతే మెటాప్యాకేజీ పోవడం కూడా నేను రాసిన డిపెండెన్సీ ప్రకారం సరైనదే. ఆప్ట్ చేసిన ఏ ఒక్క అడుగులోనూ తప్పు లేదు.

మెటాప్యాకేజీలు పోతే ఇలాంటి ఉపద్రవం వస్తుందని డెబియన్ వాళ్ళకి ముందే తెలుసు. అందుకే ఆప్ట్ డిఫాల్ట్ సెట్టింగుల్లో మెటాప్యాకేజెస్ అనే సెక్షన్‌కి ప్రత్యేక మినహాయింపు ఉంది. ఆ సెక్షన్‌లోని ప్యాకేజీ వల్ల వచ్చినవి అది పోగానే ఒక్కసారిగా అనాథలు కాకుండా చూడటం దాని ఉద్దేశం. కానీ ఆప్ట్ ఆ ప్యాకేజీ డొల్లా కాదా అని లోపలికి తొంగి చూడదు, సెక్షన్ అనే గడిలో ఏం రాశారో అదే చూస్తుంది. ఈక్వివ్స్ ఇచ్చే నమూనా ఫైలులో ఆ గడిలో మిస్క్ అని ఉంటుంది, అంటే ఇతరత్రా. నేను దాన్ని మార్చలేదు. అక్కడ ఒక్క మాట మార్చి ఉంటే ఈ కేసు రాసే పని ఉండేది కాదేమో.

తప్పనిసరి అన్న ముద్ర ఉన్న ప్యాకేజీలకి ఇంకో రకం కాపలా ఉంటుంది. 2021 నవంబర్‌లో యూట్యూబ్‌లో పేరున్న లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్ మీద స్టీమ్ అనే గేముల యాప్ ఇన్‌స్టాల్ చేయబోతే, డెస్క్‌టాప్ మొత్తం తీసేయాల్సి వస్తుందని ఆప్ట్ హెచ్చరించింది. అవును, చెప్పినట్టు చేయి అనే వాక్యాన్ని టైప్ చేయమని అడిగింది, ఆయన చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్‌లో ఆ దారి మూసేశారు. ఇప్పుడు అలాంటివి తీయాలంటే ముందే ప్రత్యేక ఆప్షన్ ఇచ్చి తీరాలి. మా మెటాప్యాకేజీకి అలాంటి ముద్ర ఏదీ లేదు, కాబట్టి దానికి ఏ కాపలా లేదు.

రెండో తప్పు కూడా నాదే

మెటాప్యాకేజీ పోయినా 43 ప్యాకేజీలు డిస్క్ మీద అలాగే ఉండొచ్చు. ఆప్ట్ తనంతట తాను ఆటోరిమూవ్ చేయదు. ఇవి ఇక అవసరం లేదనిపిస్తోంది, కావాలంటే తీసుకో అని లిస్టు చూపించి ఊరుకుంటుంది. మరి శనివారం ఎందుకు తీసేసింది?

ఏడాది కిందట ఇదే మెషీన్‌లో బూట్ పార్టిషన్ నిండిపోయింది. పాత కెర్నల్స్ పేరుకుపోయి కొత్తది దిగడానికి చోటు లేక అప్‌డేట్లు ఆగిపోయాయి. అర్ధరాత్రి దాన్ని సరిచేస్తూ, అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ కాన్ఫిగ్ ఫైలులో వాడని డిపెండెన్సీలు తీసేయి అనే సెట్టింగుని ట్రూ చేశాను. ఆ సెట్టింగు డిఫాల్ట్‌గా ఫాల్స్. దాని పక్కనే ఇంకో రెండు సెట్టింగులున్నాయి. వాడని కెర్నల్స్ మాత్రమే తీసేది ఒకటి, ఈ అప్‌గ్రేడ్ వల్ల కొత్తగా అనాథలైన వాటిని మాత్రమే తీసేది ఇంకొకటి. ఆ రెండూ డిఫాల్ట్‌గానే ట్రూ. అంటే కెర్నల్ సమస్యకి నేను చేసిన మార్పు అక్కర్లేనిది. అసలు కారణం వేరే ఎక్కడో ఉండి ఉంటుంది. అర్ధరాత్రి పూట కాన్ఫిగ్ ఫైలులో కనిపించిన మొదటి లైను మార్చేసి పడుకున్నాను.

ఒకేసారి ఎందుకు పడిపోలేదు

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇదే. శనివారం పొద్దున ప్యాకేజీలు పోయాయి, సోమవారం పదిన్నర దాకా మానిటరింగ్‌లో అంతా పచ్చగా ఉంది.

లినక్స్‌లో ఫైలు డిలీట్ చేస్తే పోయేది పేరు. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలుని మెమరీలోకి తెచ్చుకుని పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా లోపలి డేటా బతికే ఉంటుంది. మా అప్లికేషన్ వారం ముందు స్టార్ట్ అయినప్పుడే లిబ్‌పీక్యూని తెరిచి పెట్టుకుంది. శనివారం డీపీకేజీ ఆ ఫైలు తీసేసినా దానికి తెలియనే తెలియదు. రెండు రోజులపాటు డిస్క్ మీద లేని లైబ్రరీతో డేటాబేస్‌తో మాట్లాడుతూనే ఉంది. సోమవారం రీస్టార్ట్ చేశాక కదా కొత్త ప్రాసెస్ ఆ ఫైలు కోసం వెతికింది. అదే స్థితిలో ఉన్న రెండో సర్వర్‌ని మేం ఇంకా రీస్టార్ట్ చేయలేదు. ఏ ప్రాసెస్ ఏ ఫైళ్ళు పట్టుకుందో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ దాని మీద నడిపి చూస్తే లిబ్‌పీక్యూ పక్కన డెల్ అనే మూడక్షరాలు కనిపించాయి, అంటే ఫైలు డిలీట్ అయింది. నడుస్తోంది, కానీ ఊపిరి ఉన్నంతవరకే. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని గ్రూప్‌లో పెద్ద అక్షరాలతో పెట్టాం.

గోస్ట్‌స్క్రిప్ట్ కథ వేరు. దాన్ని మా అప్లికేషన్ లైబ్రరీలా పట్టుకోదు, పీడీఎఫ్‌లు కలపాల్సి వచ్చినప్పుడల్లా విడిగా ఒక ప్రోగ్రామ్‌గా పిలుస్తుంది. కాబట్టి అది శనివారం పొద్దున ఆరున్నర నుంచే ఫెయిల్ అవుతోంది. ఆ పని క్యూలో నడుస్తుంది, ఫెయిలైతే కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. శని, ఆదివారాల్లో పని తక్కువ. క్యూ పొడుగు అలారం హద్దు దాటలేదు.

మూడో రకం మరీ దారుణం. ఫాంట్ ప్యాకేజీలు పోయాయి. ఫాంట్ లేకపోతే ఏ ప్రోగ్రామూ ఎర్రర్ ఇవ్వదు, దొరికిన ఇంకో ఫాంట్‌తో సర్దుకుంటుంది, అందులో ఆ అక్షరాలు లేకపోతే ఖాళీ డబ్బాలు గీస్తుంది. శనివారం నుంచి తయారైన కొన్ని పీడీఎఫ్‌లలో పేర్లున్న చోట వరసగా చతురస్రాలు. సర్వీసు లేచాక, సాయంత్రం ఒక యూజర్ స్క్రీన్‌షాట్ పంపేదాకా మాకు తెలియదు. ఆ రెండు రోజుల పీడీఎఫ్‌లన్నీ మళ్ళీ తయారు చేయడానికి పట్టిన టైమ్, సర్వర్ బాగుచేయడానికి పట్టినదానికన్నా ఎక్కువ.

వీటన్నిటికీ మూలం ఒకటే. మా అప్లికేషన్ ఒక డైరెక్టరీలోకి కాపీ అయ్యే కోడ్, పక్కన ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని పైథాన్ లైబ్రరీలుండే ఫోల్డర్). ప్యాకేజీ కాదు. దానికి లిబ్‌పీక్యూ కావాలన్న సంగతి ఆప్ట్‌కి ఎవరూ చెప్పలేదు. ఆప్ట్ లెక్కలో మా అప్లికేషన్ ఈ మెషీన్‌లో లేనే లేదు.

తిరిగి తెచ్చుకోవడం

డెబియన్ 12లోని ఆప్ట్‌లో అన్‌డూ లేదు. హిస్టరీ లాగ్‌లో పోయినవాటి పేర్లు ఏరి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడమే దారి. తొందర్లో చాలామంది చేసే పని ఏంటంటే, ఆ 43 పేర్లనీ ఒకే కమాండ్‌కి ఇచ్చేయడం. మెషీన్ లేస్తుంది. కానీ పేరు చెప్పి తెప్పించారు కాబట్టి ఆ 43కీ మాన్యువల్ గుర్తు పడుతుంది, ఆ తర్వాత ఏ లైబ్రరీ నిజంగా పాతబడినా ఎప్పటికీ పోదు. మొదటి సర్వర్‌కి లిబ్‌పీక్యూ5 ఒక్కటీ అలా వేసి, ముందు సర్వీసుని లేపాం. అది పది నిమిషాల పని.

తర్వాత నిదానంగా మెటాప్యాకేజీని మళ్ళీ కట్టాను. ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ తీసేశాను, సెక్షన్ గడిలో మెటాప్యాకేజెస్ అని రాశాను, వెర్షన్ పెంచాను. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే 43లో 39 తిరిగొచ్చాయి. మిగతా నాలుగూ కీయుటిల్స్ లాంటివి, ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ వెంట వచ్చినవే. అవి పోవాల్సినవే. నిజంగా చెత్త అన్నది 43లో ఆ నాలుగే.

ఒక్క విషయంలో అదృష్టం కలిసొచ్చింది. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్ చేసింది రిమూవ్, పర్జ్ కాదు. రిమూవ్ చేస్తే ప్రోగ్రామ్ ఫైళ్ళు పోతాయి, ఈటీసీ కింద కాన్ఫిగ్ ఫైళ్ళు అలాగే ఉంటాయి. డీపీకేజీ లిస్టులో అలాంటివి ఆర్‌సీ అనే రెండక్షరాలతో కనిపిస్తాయి, అంటే తీసేశారు, కాన్ఫిగ్ మిగిలింది. మేం చేతితో మార్చుకున్న సెట్టింగులు మళ్ళీ ఇన్‌స్టాల్ చేయగానే యథాతథంగా పనిచేశాయి. పర్జ్ అయి ఉంటే వాటిని బ్యాకప్‌లో వెతుక్కోవాల్సి వచ్చేది.

వేరే చోట అయితే?

ఇదే మెషీన్ మీద ఫెడోరా అనే ఇంకో లినక్స్ ఉండి ఉంటే ఏమయ్యేదని తర్వాత టీమ్‌లో మాట్లాడుకున్నాం. అక్కడ ఆప్ట్ పని చేసే డీఎన్‌ఎఫ్‌లో రిమూవ్ చేసినప్పుడే అనాథ డిపెండెన్సీలు కూడా తీసేయడం డిఫాల్ట్. అంటే శుక్రవారం సాయంత్రమే 46 ఒకే దెబ్బకి పోయేవి. వినడానికి భయంగా ఉంటుంది గానీ నాకు అదే నయమనిపించింది. కమాండ్ కొట్టిన మనిషి అక్కడే ఉంటాడు, ఒకే లావాదేవీగా రికార్డవుతుంది, డీఎన్‌ఎఫ్ హిస్టరీలో దాని నంబరు చూసి అన్‌డూ చేయొచ్చు. మాకు తగిలిన దెబ్బ 46 పోవడం వల్ల కాదు, మూడు ఒక రోజూ 43 ఇంకో రోజూ పోవడం వల్ల.

ఆర్చ్ లినక్స్‌లోని ప్యాక్‌మ్యాన్ ఈ రెండు దారుల్ని కళ్ళకి కట్టినట్టు విడదీస్తుంది. ఉత్త ఆర్ ఆప్షన్‌తో తీయమంటే డీపీకేజీలాగే, పైన ఆధారపడినవాళ్ళున్నారని ఆగిపోతుంది. పైవాటిని కూడా తీయాలంటే సి అక్షరం కలపాలి, కిందివాటిని తీయాలంటే ఎస్ కలపాలి. ఏ దిక్కుకి వెళ్ళాలో చెప్పే బాధ్యత మనదే. కొత్తవాళ్ళకి చిరాకు, కానీ పొరపాటున రెండు దిక్కులా పోవడం కష్టం. ఆల్పైన్ లినక్స్‌లో అయితే మీరు కోరుకున్న వాటి లిస్టు వరల్డ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు, జెంటూలోనూ ఆ పేరుతోనే ఉంటుంది. తెరిచి చదువుకోవచ్చు. మా సర్వర్‌లో అలాంటి ఫైలు తెరిచి, అందులో మా పనికి సంబంధించి ఒకే ఒక్క లైను కనిపించి ఉంటే, నాకు అప్పుడే ఒళ్ళు జలదరించేది. డెబియన్‌లో ఆప్ట్ మార్క్‌ని షో మాన్యువల్ అని అడిగితే అదే లిస్టు వస్తుంది. నేను ఎప్పుడూ అడగలేదు.

మార్చినవి

అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌లో ఆ సెట్టింగుని మళ్ళీ ఫాల్స్ చేశాం. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం యథావిధిగా వస్తాయి. భయపడి వాటిని ఆపేయమన్నవాళ్ళూ ఉన్నారు, నేను ఒప్పుకోలేదు.

ఆన్సిబుల్‌లో ప్యాకేజీ తీసే ప్రతి చోటా ముందు ఒక అడుగు పెట్టాం. ఆప్ట్-గెట్‌కి సిమ్యులేట్ ఆప్షన్ ఇస్తే నిజంగా ఏమీ తీయకుండా, తీయబోయే ప్రతిదానికీ రెమ్వ్ అనే మాటతో ఒక లైను రాస్తుంది. మేం అడిగిన పేర్లూ, ఆ లైన్లలోని పేర్లూ ఒకటే అయితే ముందుకెళ్తుంది. ఒక్క పేరు ఎక్కువున్నా ఆగిపోయి లిస్టు మొహాన కొడుతుంది. ఆ ఎక్కువ పేర్లు కూడా పోవాల్సిందే అనుకుంటే, వాటిని మనమే పేరు పేరునా రాయాలి. మొత్తం పదిహేను లైన్ల కోడ్. ఇది పైదారికి కాపలా.

కిందిదారికి అసలు మందు, అప్లికేషన్‌ని కూడా ప్యాకేజీ చేయడం. ఇప్పుడు మా కోడ్, దాని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కలిపి ఒక డెబ్ ఫైలుగా, అంటే డెబియన్ ప్యాకేజీగా, తయారవుతాయి. బిల్డ్ సమయంలో డీపీకేజీ-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ అనే ప్రోగ్రామ్ లోపలి బైనరీలన్నీ చూసి, ఏ షేర్డ్ లైబ్రరీ ఏ ప్యాకేజీదో కనిపెట్టి డిపెండెన్సీల్లో రాసేస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు అది ఇచ్చిన లిస్టులో మాకు అవసరమని తెలియని లైబ్రరీలు మూడు ఉన్నాయి. అయితే గోస్ట్‌స్క్రిప్ట్‌లా విడిగా పిలిచేవీ, ఫాంట్లూ ఏ పనిముట్టుకీ కనిపించవు. వాటిని మనిషే రాయాలి. కోడ్‌లో బయటి ప్రోగ్రామ్‌ని పిలిచే ప్రతి చోటూ వెతికి మా కుర్రాడే ఆ లిస్టు తయారు చేశాడు. అందులో ఫాంట్ల పేర్లు మొదట రాశాడు.

పోయిన నెల ఆడిట్ నుంచి ఇంకో లిస్టు వచ్చింది. అందులో ఒక పాత మెయిల్ సర్వర్ తీసేయమని ఉంది. సిమ్యులేట్ అడుగు ఆగిపోయింది. ఈసారి పోయేవి పెద్దగా లేవు, కొత్తగా ఒకటి వస్తోంది. ఆ పాత సర్వర్ మీద ఆధారపడిన ప్యాకేజీకి ఏదో ఒక మెయిల్ సర్వర్ ఉంటే చాలు కాబట్టి, దీన్ని తీస్తే ఇంకోదాన్ని తెచ్చిపెడతానంటోంది ఆప్ట్. ఇన్‌స్టాల్ లైన్లని కూడా పోల్చాలని మాకు తట్టనే లేదు. తీసే లైన్లలో కూడా ఒక పేరు తేడా వచ్చింది కాబట్టే అది ఆగింది. ఆ పదిహేను లైన్ల కోడ్ ఇప్పుడు పద్ధెనిమిది.